చికిత్సా శిబిరం నుంచి చూసిన చైనా

పరదేశాన్ని ఏ పనిమీద వెళ్ళి చూస్తే అది ఆ రూపంలోనే ముందుగా గోచరిస్తుంది. క్రీ.శ. 7వ శతాబ్దంలో ధాన్యకటకాన్ని దర్శించిన హ్యుయాన్‌త్సాంగ్‌కు ఆంధ్రదేశం ప్రధానంగా బౌద్ధ విహారాల మీదుగానే పరిచయమైంది. భారతీయ విద్యావంతులకు కూడా చైనా చిరకాలం ధర్మయాత్రికుల స్వదేశంగానే తెలుసు. 1924లో రవీంద్రనాథ ఠాకూర్ జరిపిన చైనా పర్యటన, 1937లో శాంతినికేతన్‌లో వెలసిన చీనాభవనం ఆ ప్రాచీన బంధాన్ని పునరుద్ధరించాయి. అయితే 1938లో ఐదుగురు భారతీయ వైద్యులు స్వచ్ఛంద సేవకులుగా వెళ్ళి చూసిన చైనా ఇందుకు భిన్నమైనది.

1937 జూలై 7న పెకింగ్ సమీపంలోని మార్కోపోలో వంతెన వద్ద జరిగిన ఘర్షణతో జపాన్ సైన్యం చైనాపై పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఎనిమిదవ మార్గసేన అధిపతి చూ తే వైద్య సహాయాన్ని అర్థిస్తూ జవహర్‌లాల్ నెహ్రూకు లేఖ వ్రాశారు. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడైన సుభాష్‌చంద్ర బోస్ ప్రజలకు విజ్ఞప్తి చేసి నిధి సేకరించారు. స్వయంగా పరాధీనంలో ఉన్న జాతి మరొక పీడిత జాతికి చేయూతనివ్వడం ఈ ప్రయత్నంలోని విశేషం. బృందానికి నాయకుడు అలహాబాదుకు చెందిన డాక్టర్ అటల్. ఆయన అప్పటికే స్పెయిన్ అంతర్యుద్ధంలో వైద్యసేవ చేసినవారు. నాగపూరు నుంచి చోల్కర్, కలకత్తా నుంచి బసు, ముఖర్జీ ఆయనతో చేరారు. ఐదవవాడు, తెలుగు నేత కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన షోలాపూరులో 1910లో జన్మించిన ద్వారకానాథ్ కోట్నీస్.

1938 సెప్టెంబరు 1న బొంబాయిలో ఓడ ఎక్కిన ఈ బృందం కాంటన్ చేరి, అక్కడినుంచి హాంకౌకు వెళ్ళింది. అక్టోబరు ముగిసేలోగా ఆ రెండు నగరాలూ జపాన్ వశమయ్యాయి. శత్రుసేన ముందుకు వస్తున్నకొద్దీ వైద్యులు పశ్చిమంగా తరలి చుంగ్‌కింగ్ చేరుకున్నారు. చీనాభవనం తొలి అధ్యక్షుడు తాన్ యున్‌షాన్ అక్కడ వారి పేర్లకు చైనా అని అర్థమిచ్చే ‘హువా’ శబ్దాన్ని జోడించి చైనీయ నామాలు కల్పించారు. కోట్నీస్ ‘కె దిహువా’ అయ్యారు. తండ్రి మరణవార్త తెలిసినా ఆయన ఇంటికి మరలలేదు. 1939 ఫిబ్రవరిలో బృందం యెనాన్ చేరింది.

మట్టికొండలను తొలిచిన గుహలే అక్కడ నివాసాలు, ఆసుపత్రులు. ఔషధాలకు, పరికరాలకు తీవ్రమైన కొరత. గాయపడిన సైనికుని బాధ తెలుసుకోవాలంటే అతని భాష రావాలి. కనుక భాషాభ్యాసం వైద్యవృత్తిలో భాగమైంది. చైనీయం నేర్చిన కోట్నీస్ ఆ భాషలోనే విద్యార్థులకు శస్త్రచికిత్స బోధించారు. 1941లో బెథూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధిపతి అయ్యారు. అదే సంవత్సరం అక్కడ నర్సుగా పనిచేస్తున్న కువో చింగ్‌లాన్‌ను వివాహమాడారు. 1942 ఆగస్టులో జన్మించిన కుమారునికి భారత, చైనాల పేర్లు కలిసివచ్చేలా ‘యిన్‌హువా’ అని నామకరణం చేశారు. కొద్ది మాసాలకే, డిసెంబరు 9న, మూర్ఛరోగంతో 32వ ఏట మరణించారు. సహాయం చేయడానికి వెళ్ళిన దేశం ఆయనకు స్వగృహమైంది.

అయితే ఈ దర్శనానికీ పరిమితులున్నాయి. ముగ్గురు వైద్యులు 1940 సంవత్సరాంతానికి ముందే తిరిగివచ్చారు. బసు 1943లో స్వదేశం చేరారు. మిగిలినవారు చూసింది యుద్ధకాలంలో ఒక రాజకీయపక్షం పాలనలో ఉన్న కొండప్రాంతం. ఆ పక్షానికి వారు గౌరవ అతిథులు, సహచరులు కూడా. కోట్నీస్ 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. శత్రుసేన ఆక్రమించిన నగరాల జీవితంగాని, చైనాలోని ఇతర రాజకీయ వర్గాల అంతరంగంగాని వారికి అంతే సన్నిహితంగా తెలిసే అవకాశం లేదు. సేవ వలన కలిగే జ్ఞానం లోతైనదే, కాని దాని వైశాల్యం తక్కువ. ఆ గుహల చైనాను యావత్ చైనాగా భావించడం పొరపాటు అవుతుంది.

చైనాను చూడని లక్షలాది భారతీయులకు ఈ అనుభవం పుస్తకం ద్వారా, చలనచిత్రం ద్వారా అందింది. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ కోట్నీస్ గాథను గ్రంథస్థం చేయగా, 1946లో వి. శాంతారాం దానిని హిందీ చిత్రంగా నిర్మించి, తానే కథానాయకుని పాత్ర ధరించారు. వైద్యుని కష్టార్జితమైన అవగాహన ఆ విధంగా ప్రజల భావనలో సోదరత్వ ప్రతీకగా మారింది. ప్రతీకకు వ్యాప్తి ఉంటుంది, వివరం ఉండదు. 1962 నాటి సరిహద్దు యుద్ధంతో సోదరత్వ భావన దెబ్బతిన్నప్పుడు ఆ స్మృతిపైన కూడా నీడ పడింది.

అయినా ఆ స్మృతి నశించలేదు. బసు తరువాతి కాలంలో చైనాలో ఆక్యుపంక్చర్ నేర్చి, కలకత్తాలో దాని వ్యాప్తికి కృషి చేశారు. 2006లో భారతదేశానికి వచ్చిన చైనా అధ్యక్షుడు హు జింతావ్ ముంబయిలో కోట్నీస్ బంధువులను కలుసుకున్నారు. రాజ్యాల మైత్రి పరిస్థితులను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. ఒక ఊరి క్షతగాత్రుల మధ్య గడిపిన నాలుగేళ్ళు ఆ లెక్కలోకి రావు. ఐదుగురు వైద్యులు తెచ్చిన సాక్ష్యాన్ని చైనా అంతటి చిత్రంగా కాక, అక్కడి మనుషులను దగ్గరగా ఎరిగినవారి మాటగా స్వీకరించినప్పుడే దానికి తగిన విలువ ఇచ్చినట్లవుతుంది.