ఉష్ణకవచం కథ – ఒక ఆలస్యపు జవాబు



2003 ఫిబ్రవరి 3, సోమవారం ఉదయం. మా ఉన్నత పాఠశాల ప్రార్థనా సమావేశంలో కల్పనా చావ్లాకూ, ఆమెతోపాటు అసువులు బాసిన ఆరుగురు వ్యోమగాములకూ శ్రద్ధాంజలి ఘటించి రెండు నిమిషాలు మౌనం పాటించాము. అంతకు ముందు శనివారం రాత్రి కొలంబియా నౌక ముక్కలై, నిప్పుచారలుగా ఆకాశాన జారిపోవడం టీవీలో అందరమూ చూసినవాళ్ళమే. ప్రార్థన ముగిసి నేను తొమ్మిదో తరగతి గదిలో అడుగుపెట్టగానే ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మాస్టారూ, పైకి వెళ్ళేటప్పుడు కాలని నౌక కిందికి వచ్చేటప్పుడు ఎందుకు కాలిపోయిందండీ?" అని అడిగింది.

నేను తెలుగు పండితుణ్ణి. "అది సైన్సు మాస్టారిని అడగమ్మా, కూర్చో" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. పదవీ విరమణ చేసిన తరువాత, తీరిక చిక్కినప్పుడల్లా ఆ విషయం మీద దొరికినవన్నీ చదువుతూ వచ్చాను. ఆ చదువు సారమే ఈ వ్యాసం.

ముందుగా ఆ అమ్మాయి అడిగినదానికి సమాధానం. భూమి చుట్టూ తిరిగే నౌక సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. నేలకు దిగేలోగా ఆ వేగమంతా పోవాలి. ఇంధనం మండించి వేగం తగ్గించుకోవాలంటే మోయలేనంత ఇంధనం వెంట తీసుకొనిపోవాలి. అందుచేత గాలినే అడ్డుకట్టగా వాడుకొంటారు. పోయిన వేగం వేడిగా మారుతుంది. ఈ వేడి ఒరిపిడి వలన పుడుతుందని నేనూ చాలాకాలం అనుకొన్నాను. నిజానికి అందులో అధికభాగం నౌక ముందున్న గాలి ఒక్కసారిగా అణగిపోవడం వలన పుట్టేది. సైకిలు పంపు గట్టిగా కొట్టినవారికి దాని అడుగుభాగం వేడెక్కడం అనుభవమే గదా! పైకి వెళ్ళేటప్పుడు గాలి దట్టంగా ఉన్నచోట రాకెట్టు వేగం తక్కువ. అది వేగం పుంజుకొనే సరికి గాలి పలచబడుతుంది. దిగేటప్పుడు ఆ వరుస తారుమారై, నౌక పూర్తి వేగంతో వచ్చి గాలిని ఢీకొంటుంది.

ఈ వేడిని తట్టుకొనే ఉపాయాన్ని రెండవ ప్రపంచ యుద్ధానంతరం క్షిపణులు తయారుచేసేవారు వెదకసాగారు. వేగంగా పోయే వస్తువు ముక్కు సూదిలా ఉండాలన్నది అప్పటి నమ్మకం. అమెరికాలో ఏమ్స్ ప్రయోగశాలలో పనిచేసిన హెచ్. జూలియన్ ఆలెన్ 1951లో దీనికి పూర్తిగా విరుద్ధమైన ఆలోచన చేశాడు. ముక్కు మొద్దుగా ఉండాలన్నాడు. మొద్దు ముక్కు పడవ గోదావరిలో పోతుంటే ముందున్న నీరు గుట్టగా లేచి ఎడంగా చీలిపోవడం మనకు తెలిసినదే. అదేవిధంగా మొద్దు ముక్కు ముందు అణగిన గాలి ఒక షాక్ తరంగంగా ఏర్పడి, నౌకకు కొంత ఎడంగా నిలుస్తుంది. వేడిలో ఎక్కువ పాలు నౌకను అంటకుండా చుట్టూ ఉన్న గాలిలోకే పోతుంది. ఆల్ఫ్రెడ్ ఎగర్స్‌తో కలిసి ఆయన 1953లో వ్రాసిన నివేదిక చాలాకాలం రహస్యంగానే ఉంచబడింది.

అయినా మిగిలిన వేడి తక్కువేమీ కాదు. దానికొక కవచం కావాలి. కవచమనగానే మా తరంవారికి కర్ణుడు గుర్తుకొస్తాడు. ఆయనది పుట్టుకతో వచ్చినది, దేనికీ చెక్కుచెదరనిది. కాని ఇంజనీర్లు చివరకు ఎన్నుకొన్నది తన్ను తాను పోగొట్టుకొనే కవచాన్ని. 1961లో అమెరికా పంపిన మొదటి రెండు మానవసహిత మెర్క్యురీ నౌకలు కక్ష్యకు చేరకుండానే తిరిగి వచ్చాయి. ఆ కొద్దిపాటి వేడికి, వేడిని పీల్చుకొని నిలువ చేసుకొనే బెరీలియం లోహపు డాలు సరిపోయింది. కక్ష్య నుండి దిగే నౌకకు అది చాలదు. అందుకు గాజునారను ఫినాలిక్ రెసిన్‌తో కలిపిన కవచం చేశారు. ఈ రెసిన్ మన పాతకాలపు ఇళ్ళలోని నల్లని బేకలైటు స్విచ్చులకు దగ్గరి చుట్టమే. మంట తగిలినప్పుడు దీని పైపొర కొంచెం కొంచెంగా మాడి, వాయువుగా మారి, వేడిని వెంటబెట్టుకొని పోతుంది. ఆ వాయువు బయటి మంటను వెనక్కు నెడుతుంది. మిగిలిన బొగ్గుపొర లోపలికి వేడి దిగకుండా అడ్డుపడుతుంది. వేసవిలో మట్టికూజా తనలోని నీటిని కొంత ఆవిరిగా వదులుకొని తక్కిన నీటిని చల్లగా ఉంచే పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. నాబోటి పండితుడు దీనికి పేరు పెట్టవలసి వస్తే 'క్షరణ కవచం' అంటాడు.

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ ఇటువంటి కవచాన్ని నమ్ముకొని భూమిని మూడుసార్లు చుట్టాడు. ఆయన తిరుగుతుండగా, కవచం వదులైనదని నేల మీది అధికారులకు ఒక సంకేతం అందింది. అది నిజమో కాదో తేల్చుకొనే మార్గం లేదు. కవచం మీదుగా పట్టీలతో బిగించి ఉన్న వేగనిరోధక రాకెట్ల పెట్టెను మామూలుగా దిగే ముందు వదిలివేయాలి. ఈసారి దానిని వదలవద్దని, కవచం నిజంగా వదులైనా ఆ పట్టీలు దానిని పట్టి ఉంచవచ్చునని నిర్ణయించారు. మండుతున్న ముక్కలు కిటికీ పక్కగా ఎగిరిపోవడం చూస్తూ గ్లెన్ దిగాడు. అవి ఆ పెట్టె ముక్కలు. కవచం చెక్కుచెదరలేదు, తప్పుడు సంకేతం ఇచ్చినది ఒక స్విచ్చు. ఈ ఘట్టాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్ళీ దీని వద్దకు వస్తాను.

చంద్రుని నుండి తిరిగి వచ్చే అపోలో నౌక వేగం సెకనుకు 11 కిలోమీటర్లు. దానికొరకు అవ్‌కోట్ అనే కవచం చేశారు. తేనెపట్టు వంటి గాజునార చట్రంలో మూడు లక్షలకు పైగా ఉన్న గదులను, సిలికా నార కలిపిన రెసిన్‌తో పనివారు ఒక్కొక్కటిగా నింపారు. దీనిని మిశ్రమ పదార్థం అంటారు గాని, నాకు 'మిశ్రమం' అన్న మాట చాలదనిపిస్తుంది. ఇది సమాసం వంటిది, అందునా బహువ్రీహి. 'చక్రపాణి' అన్నప్పుడు అర్థం చక్రమూ కాదు, చేయీ కాదు, విష్ణువు. అలాగే నారకూ రెసిన్‌కూ విడివిడిగా లేని గుణం ఆ రెండూ కలిసినచోట పుడుతుంది.

అపోలో కవచం ఒక్కసారికే. మళ్ళీ మళ్ళీ ఎగరవలసిన షటిల్ నౌకకు తరిగిపోని కవచం కావలసివచ్చింది. 1981 ఏప్రిల్ 12న మొదటిసారి ఎగిరిన కొలంబియా ఒంటినిండా ముప్పై వేలకు పైగా పలకలు అతికించారు. అవి దాదాపు స్వచ్ఛమైన సిలికా నారతో చేసినవి. అంటే మూలం ఇసుకే. పలక ఘనపరిమాణంలో నూటికి 90 పాళ్ళకు పైగా ఖాళీయే. పత్తిబొంత తనలోని గాలితో చలిని ఆపినట్లు ఇది వేడిని ఆపుతుంది. 1200 డిగ్రీల కొలిమిలోంచి తీసిన కొద్ది క్షణాలకే, ఎర్రగా కనిపిస్తున్న పలకను అంచులు పట్టుకొని వట్టి చేతులతో ఎత్తవచ్చు.

అంతకంటె ఎక్కువ వేడి తగిలే ముక్కుకూ రెక్కల అంచులకూ కర్బనపు నారను కర్బనంలోనే పొదిగిన పదార్థం వాడారు. రేయాన్ బట్టను రెసిన్‌లో ముంచి, కాల్చి బొగ్గుగా మార్చి, మళ్ళీ తడిపి మళ్ళీ కాల్చి గట్టిపరుస్తారు. కర్బనం వేడికి కరగదు గాని ప్రాణవాయువు తగిలితే మండిపోతుంది. అందుకని దాని పైన సిలికాన్ కార్బైడు పూత వేస్తారు. ఒక్కొక్క రెక్క అంచున ఇటువంటి ఫలకాలు 22 ఉండేవి.

2003 జనవరి 16న కొలంబియా బయలుదేరిన 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దాని బరువు ముప్పాతిక కిలో. మెత్తటి పదార్థమే గాని, తగిలినప్పటి సాపేక్ష వేగం గంటకు 800 కిలోమీటర్లకు పైమాట. మరునాడు చలనచిత్రాలలో ఆ దెబ్బను ఇంజనీర్లు చూశారు. కక్ష్యలో ఉన్న నౌకను ఫొటోలు తీయించమని ఒకటికి రెండుసార్లు కోరారు. పైవారు ఆ కోరికను ముందుకు సాగనీయలేదు. నురుగు ఊడిపడటం అంతకుముందూ జరిగింది, ఏ నౌకకూ ముప్పు వాటిల్లలేదు గనుక ఇప్పుడూ వాటిల్లదన్నది వారి ధోరణి. ఫిబ్రవరి 1న, నేల చేరడానికి ఇంకా 16 నిమిషాలుందనగా, రెక్క అంచున పడిన రంధ్రం గుండా మండుతున్న వాయువు లోపలికి చొరబడి నౌకను ఛిన్నాభిన్నం చేసింది.

నురుగు అంతటి గట్టి ఫలకాన్ని పగులగొట్టగలదా అని చాలామంది సందేహించారు. 2003 జులై 7న టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో అటువంటి నురుగు ముక్కనే అదే వేగంతో ఎనిమిదవ ఫలకం మీదికి ప్రయోగించి చూశారు. సుమారు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది. విచారణ సంఘం ఆగస్టులో నివేదిక ఇస్తూ, నురుగుకు ఎంత పాత్ర ఉన్నదో ఆ సంస్థ పనితీరుకూ అంత పాత్ర ఉన్నదని తేల్చిచెప్పింది. లోపం తొలిరోజులలోనే బయటపడి ఉంటే, అట్లాంటిస్ నౌకను త్వరపెట్టి పంపి ఆ ఏడుగురినీ కాపాడే ప్రయత్నం, కష్టసాధ్యమే అయినా, చేసి ఉండవచ్చునని కూడా పేర్కొన్నది.

ఇప్పుడు గ్లెన్ సంగతికి వస్తాను. 1962లో కవచం క్షేమంగానే ఉంది. అయినా ఒక చిన్న అనుమానాన్ని మన్నించి జాగ్రత్తపడ్డారు. 2003లో కవచం నిజంగానే పగిలింది. అనుమానానికి ఆధారం కళ్ళెదుట ఉంది. అయినా అడిగినవారి మాట చెల్లలేదు. ఈ నలభై ఏళ్ళలో పదార్థాలు ఎంతో మెరుగుపడ్డాయి. సందేహం వెలిబుచ్చినవాడికి ఇచ్చే విలువ మాత్రం తరిగింది. ఈ చరిత్ర అంతా చదివాక నాకు మిగిలిన విషయం ఇదే.

మన దేశమూ ఈ విద్యను సాధించింది. 1989 మే 22న చాందీపూర్ నుండి ఎగిరిన అగ్ని క్షిపణి ముక్కుకు కర్బన మిశ్రమ కవచం తొడిగారు. 2007 జనవరి 10న మన శ్రీహరికోట నుండి వెళ్ళిన 550 కిలోల నౌక ఒకటి, పన్నెండు రోజులు కక్ష్యలో ఉండి, సిలికా పలకలనూ కర్బన ఫినాలిక్ ముక్కునూ ధరించి జనవరి 22న బంగాళాఖాతంలో సురక్షితంగా దిగింది. కొలంబియా కూలిన నాలుగేళ్ళకు ఆ వార్త చదివినప్పుడు నాకు మళ్ళీ ఆ తొమ్మిదో తరగతి గది కళ్ళముందు మెదిలింది.

కథ ముగియలేదు. షటిల్ నౌకలు 2011లో విరమించాయి. చంద్రుని చుట్టి రావడానికి చేసిన ఒరాయన్ నౌకకు మళ్ళీ ఆ పాత అవ్‌కోటునే, తయారీ పద్ధతి మార్చి వాడారు. 2022 డిసెంబరులో మనుషులు లేకుండా తిరిగి వచ్చిన ఆ నౌక కవచం నుండి, అనుకొన్నట్లు పొరపొరగా తరగడానికి బదులు, వందకు పైగా చోట్ల పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి. లోపల పుట్టిన వాయువు బయటపడే దారిలేక ఒత్తిడి పెరిగి పగుళ్ళు వచ్చాయని రెండేళ్ళు పరిశోధించి 2024 డిసెంబరులో ప్రకటించారు. నౌక క్షేమంగానే దిగింది గదా అని సరిపెట్టుకోకుండా కారణం వెదికారు. కొలంబియా నేర్పిన పాఠం కొంతైనా వంటబట్టినదనే అనుకొంటాను.

ఆనాడు ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడున్నదో నాకు తెలియదు. నలభైకి దగ్గర పడి ఉంటుంది. "నాకు తెలియదమ్మా, తెలుసుకొని చెబుతాను" అని ఆ రోజు ఒక్క మాట అనగలిగి ఉండవలసింది. అమ్మా, నీవెక్కడున్నా ఇదిగో నీ ప్రశ్నకు నా జవాబు. చాలా ఆలస్యమైనందుకు మన్నించు.

సైన్సు చదివినవారు ఇందులో దోషాలు కనిపిస్తే నిస్సంకోచంగా తెలియజేయ ప్రార్థన. ఈసారి ఎవరినీ కూర్చోమనను.

స్వస్తి.