దాత లెక్క, బాధితుల రుజువు: వరంగల్ రైతు కుటుంబాల సహాయనిధిలో పారదర్శకత (1997–2022)

వ్యాస సంగ్రహం

వరంగల్ జిల్లాలో 1997–98 పత్తి సంక్షోభం తరువాత ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు అందిన సహాయాన్ని, దాని చుట్టూ ఏర్పడిన నిర్ధారణ పద్ధతిని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. సహాయనిధుల విషయంలో పారదర్శకత అన్న మాట ఆచరణలో రెండు అర్థాలను సంతరించుకుంది. సహాయం కోరేవారు తమ అర్హతను రుజువు చేసుకోవడం ఒకటి. ఇచ్చేవారు తమ నిర్ణయాలకూ ఖర్చులకూ ప్రజల ముందు లెక్క చెప్పడం రెండోది. మొదటి దానికి పటిష్ఠమైన యంత్రాంగం ఏర్పడింది. రెండోది ఉపాధి హామీ సామాజిక తనిఖీ వంటి కొద్ది చోట్ల మాత్రమే నిలదొక్కుకుంది. ఈ అసమానత వల్ల అత్యధికంగా నష్టపోయినవారు కౌలు రైతుల కుటుంబాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వరంగల్, రైతు ఆత్మహత్యలు, జీ.ఓ. 421, కౌలు రైతులు, సామాజిక తనిఖీ, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, సమాచార హక్కు.

1. ఉపోద్ఘాతం

ఆపదలో ఉన్నవారికి అందే సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్న ప్రశ్నలు ఇటీవలి దశాబ్దాలలో అంతర్జాతీయ చర్చకు వచ్చాయి. 2004 హిందూ మహాసముద్ర సునామీ సహాయంపై 2006లో వెలువడిన ఉమ్మడి మూల్యాంకనం, సహాయ సంస్థలు బాధితులకంటే దాతలకే ఎక్కువగా జవాబుదారీగా ఉన్నాయని విమర్శించింది. 2016 మే నెలలో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో దాతలు, సహాయ సంస్థలు కుదుర్చుకున్న ఒప్పందంలో పారదర్శకతకు ప్రధాన స్థానం లభించింది. 2020 నాటికి సహాయ నిధుల్లో 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు వీలైనంత నేరుగా చేరాలన్న లక్ష్యమూ అందులో ఉంది.

ఈ చర్చ విదేశాలలో జరిగే సహాయ కార్యక్రమాలకే పరిమితం కాదు. పంట పోయి, అప్పు మిగిలి, ఇంటి పెద్దను కోల్పోయిన వరంగల్ రైతు కుటుంబానికి ప్రభుత్వ సహాయం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందున్న ఉమ్మడి వరంగల్ జిల్లాను ఈ వ్యాసం ప్రధాన క్షేత్రంగా తీసుకుంటుంది.

2. అర్హత పరీక్ష: కరువు పాలన వారసత్వం

సహాయం కోరేవారినే ముందుగా పరీక్షించే పద్ధతికి వలస పాలనలో బలమైన పునాది పడింది. 1876–78 కరువు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలను, ముఖ్యంగా నేటి రాయలసీమను కుదిపివేసింది. 1877లో కేంద్ర ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ సహాయ పనులలోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఈ కొలత ప్రాణాలు నిలపదని వ్యతిరేకించాడు. 1880 కరువు కమిషన్ నివేదిక తరువాత రూపొందిన కరువు నియమావళులు 'పరీక్షా పనులు' అనే భావనను స్థిరపరిచాయి. అతి తక్కువ కూలికి కఠినమైన పని చేయడానికి జనం వస్తేనే అక్కడ నిజంగా కరువు ఉన్నట్లు గుర్తిస్తారు. అవసరాన్ని రుజువు చేసే భారం ఆ విధంగా ఆకలిగొన్నవారి మీదనే పడింది.

వరంగల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్నందున మద్రాసు నిబంధనలు దానికి నేరుగా వర్తించలేదు. అయితే స్వాతంత్ర్యానంతరం రాష్ట్రాల సహాయ పాలన ఈ నియమావళుల నమూనా మీదనే రూపుదిద్దుకుంది. రెవెన్యూ అధికారి విచారణ, అర్హుల జాబితా, అనర్హుల తిరస్కరణ అనే క్రమం అందులో కొనసాగింది.

3. 1997–98: పత్తి, అప్పు, మరణం

1980ల నుంచి వరంగల్ జిల్లాలో పత్తి సాగు వేగంగా విస్తరించింది. నల్లరేగడి దాటి వర్షాధారమైన చల్క నేలలకూ పాకింది. బావులు, బోర్లు, విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అన్నీ రైతు సొంత పెట్టుబడిగా మారాయి. బ్యాంకు రుణం అందని చిన్న రైతుకు పురుగుమందుల దుకాణదారు, అడ్తిదారు అప్పు ఇచ్చేవారయ్యారు. సరుకును అప్పుపై ఇచ్చిన వ్యాపారి, పంట చేతికి రాగానే దానినే బాకీ కింద తీసుకునే ఏర్పాటు ఇది. నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీ సాధారణం. ఈ లావాదేవీల్లో అనేకం దుకాణం చిట్టాలలో, ప్రామిసరీ నోట్లలో, కేవలం నోటిమాటలో ఉండేవి.

1997–98 సీజన్‌లో అకాల వర్షాలు, పొగాకు లద్దె పురుగు ఉధృతి, నాసిరకం మందులు కలిసి పంటను నాశనం చేశాయి. ఎన్నిసార్లు పిచికారీ చేసినా పురుగు చావలేదు. మందుల అప్పు మాత్రం పెరిగింది. ఆ ఏడాది రాష్ట్రంలో వందల సంఖ్యలో రైతులు ఆత్మహత్య చేసుకోగా, వరంగల్ పేరు దేశమంతటా వినిపించింది. 1998లో జిల్లా పరిస్థితిపై వెలువడిన పౌర నివేదిక, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధించిన ఇ. రేవతి అధ్యయనం ఈ మరణాలను పురుగు సమస్యగా మాత్రమే చూడరాదని, రుణం, మార్కెట్, నీటి వనరుల క్షీణత అందులో కలిసి ఉన్నాయని చూపాయి. మరోవైపు, పరిహారం ఇస్తే ఆత్మహత్యలను ప్రోత్సహించినట్లవుతుందన్న వాదన కూడా ఆ రోజుల్లో బలంగా వినిపించింది. సహాయం కోరే కుటుంబాన్ని అనుమానంతో చూసే దృక్పథం ఈ వాదనలో దాగి ఉంది.

4. జీ.ఓ. 421: నిర్ధారణ యంత్రాంగం

2004 మే నెలలో ప్రభుత్వం మారింది. ఆ వెంటనే, జూన్ 1న, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీ.ఓ. 421 జారీ చేసింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి మొత్తం రూ.1,50,000 సహాయాన్ని అది ప్రకటించింది. అందులో రూ.1,00,000 కుటుంబ పునరావాసానికి, రూ.50,000 వరకు రుణదాతలతో ఒకేసారి పరిష్కారానికి ఉద్దేశించింది. మృతుని అప్పును కూడా రాజ్యం తన బాధ్యతలో భాగంగా గుర్తించడం ఈ ఉత్తర్వులోని ముఖ్యమైన విశేషం.

ప్రతి మరణాన్నీ మండల స్థాయిలో తహసీల్దారు, సబ్-ఇన్‌స్పెక్టర్, వ్యవసాయాధికారి విచారించాలి. తరువాత డివిజన్ స్థాయిలో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి నిర్ధారించాలి. ఇందుకు ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, శవపరీక్ష నివేదిక, ఫోరెన్సిక్ నివేదిక, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు రుణ పత్రాలు, ప్రైవేటు అప్పుల ఆధారాలు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ వంటివి సమర్పించవలసి వచ్చేది. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా దరఖాస్తు నిలిచిపోయే ప్రమాదం ఉంది.

మరణవార్త విన్న గంటల్లోనే కుటుంబం పోలీసులకు చెప్పిన మాట సహాయానికి కీలకమైంది. అనంతపురం జిల్లాపై పి. సాయినాథ్ రాసిన కథనాలు, అనేక రైతు మరణాలు రికార్డులలో 'కడుపునొప్పి' వల్ల జరిగినవిగా నమోదైన తీరును వెలుగులోకి తెచ్చాయి. ఒకసారి అలా నమోదైతే, ఆ మరణానికి వ్యవసాయంతో గల సంబంధాన్ని తిరిగి నిరూపించడం కుటుంబానికి కష్టం. కమిటీ పరిశీలనలో మరణాలు 'నిజమైనవి', 'నిజమైనవి కానివి' అని విడిపోయాయి. నిజమైనది కాదనిపించుకున్న మరణం ఆ ఇంటికి సహాయాన్నే గాక, ఊరిలో గౌరవాన్నీ దూరం చేసింది.

5. కాగితంలో లేని రైతు

ఈ యంత్రాంగం మధ్యలో నిలిచిన పత్రం పట్టాదారు పాసుపుస్తకం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి వేసినవారిలో భూమిని కౌలుకు తీసుకున్నవారు గణనీయంగా ఉన్నారు. కౌలు ఒప్పందం మాటమీద నడుస్తుంది. యజమాని తన హక్కు పోతుందన్న భయంతో దాన్ని రాతలో పెట్టడు. పంట నష్టం, అప్పు కౌలుదారుది. పాసుపుస్తకం, బ్యాంకు రుణం యజమానివి. భూమి లేనివాడు రైతు కాడని కమిటీ భావిస్తే, అత్యధిక ప్రమాదాన్ని మోసినవాడే జాబితా బయట నిలుస్తాడు. తమ పేరిట భూమి లేని మహిళా రైతుల స్థితి కూడా ఇదే.

ఈ లోపాన్ని ప్రభుత్వం ఎరుగకపోలేదు. 2004లో ప్రభుత్వమే నియమించిన, ఆర్థికవేత్త జయతి ఘోష్ అధ్యక్షత వహించిన రైతు సంక్షేమ కమిషన్, కౌలుదారులను నమోదు చేసి వారికి సంస్థాగత రుణం అందేలా చూడాలని సూచించింది. 2011లో ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చి రుణ అర్హత కార్డులను ప్రవేశపెట్టింది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015 సెప్టెంబరులో జీ.ఓ. 194 ద్వారా సహాయం రూ.6,00,000కు పెరిగింది. అందులో రూ.5,00,000 కుటుంబానికి, రూ.1,00,000 అప్పుల పరిష్కారానికి కేటాయించారు. మొత్తం నాలుగింతలైనా నిర్ధారణ పద్ధతి మౌలికంగా మారలేదు.

2018 ఆగస్టులో ప్రారంభమైన రైతు బీమా ఒక ముఖ్యమైన మలుపు. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుగల రైతు ఏ కారణంతో మరణించినా, నామినీకి రూ.5,00,000 జీవిత బీమా సంస్థ ద్వారా చేరుతుంది. ప్రీమియం ప్రభుత్వమే చెల్లిస్తుంది. మరణ కారణాన్ని నిరూపించే భారం దీనితో తొలగింది. పట్టా ఉండాలన్న షరతు మాత్రం మిగిలింది. కౌలు రైతు కుటుంబం ఈ పథకం పరిధిలోకి రాక, తిరిగి పాత ఉత్తర్వు వైపు, పాత కాగితాల వైపు చూడవలసి వచ్చింది.

6. విదేశీ విరాళాలు: పైవైపు సాగే లెక్క

ప్రభుత్వేతర సహాయంలోనూ ఇదే ధోరణి భిన్న రూపంలో కనిపిస్తుంది. వరంగల్ కేంద్రంగా పనిచేసే బాలవికాస కెనడాకు చెందిన సోపార్ సహకారంతో ఎదిగింది. వితంతువుల పట్ల వివక్షకు వ్యతిరేకంగా కృషి చేసింది. ఇటువంటి సంస్థల నిధులను 1976 నుంచి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పర్యవేక్షిస్తున్నది. ఈ చట్టాన్ని 2010లో తిరిగి రచించారు. 2020 సవరణ ప్రకారం విదేశీ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తాను పొందిన విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయరాదు. పెద్ద సంస్థల నుంచి గ్రామస్థాయి చిన్న సంఘాలకు నిధులు చేరే దారి ఈ చివరి నిబంధనతో మూసుకుపోయింది.

2022 జూలైలో నిబంధనలను సవరిస్తూ, ప్రతి మూడు నెలలకు అందిన విరాళాల వివరాలను వెబ్‌సైటులో ప్రకటించాలన్న నియమాన్ని తొలగించారు. వార్షిక లెక్కల సమర్పణ కొనసాగింది. ప్రభుత్వానికి చేరే సమాచారం పెరగగా, ప్రజలకు వెంటవెంటనే అందే సమాచారం తగ్గింది. మూల్యాంకన నివేదికలను కన్సల్టెంట్లు సాధారణంగా దాత కోరికపై, దాత భాషలో రాస్తారు. ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరికి అది తెలుగులో చేరడం అరుదు.

7. సామాజిక తనిఖీ: దిశ మారిన ప్రశ్న

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో ప్రారంభించిన బహిరంగ విచారణలు ప్రశ్న దిశను మార్చాయి. కూలీల హాజరు పట్టీని వారి ముందే చదివి, రాసిన మొత్తం ముట్టిందా అని అడిగారు. ఆ ఉద్యమ ఫలితంగా 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది చేసిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. 2006 ఫిబ్రవరిలో పథకం మొదలైన తొలి విడత జిల్లాలలో వరంగల్ ఒకటి. 2009లో ఆంధ్రప్రదేశ్ ఇందుకోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. కూలీ కుటుంబాల యువకులకు శిక్షణ ఇచ్చి, వారి సొంత ఊరికి బదులు మరో ఊరికి పంపి, ఇంటింటికీ తిరిగి మస్టర్లను సరిచూసే పద్ధతి ఏర్పడింది. మండల కేంద్రంలో అందరి సమక్షంలో ఫలితాలు చదివేవారు.

ఈ విధానానికి పరిమితులున్నాయి. గుర్తించిన సొమ్ములో కొద్ది భాగమే తిరిగి వసూలైంది. అయినా ఇక్కడ అధికారి చూపవలసిన పత్రాన్ని కూలీ ప్రశ్నించగలిగింది. అదే గ్రామంలో, అదే కుటుంబం ఆత్మహత్య సహాయానికి దరఖాస్తు చేసినప్పుడు పరిస్థితి పూర్తిగా భిన్నం. కమిటీ నిర్ణయాన్ని గ్రామసభలో చదివి వినిపించే ఏర్పాటు జీ.ఓ. 421 పద్ధతిలో లేదు.

దీనికి కొత్త చట్టం అవసరం లేదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ సహాయ పథకాల కేటాయింపులను, లబ్ధిదారుల వివరాలను తనంతట తానే ప్రకటించాలని చెబుతున్నది. తన నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి అందుకు కారణాలు తెలియజేయాలని కూడా అదే సెక్షన్ నిర్దేశిస్తున్నది. తిరస్కరణకు గురైన భార్య కారణం అడగనక్కర లేకుండానే తెలుసుకోగల హక్కు 2005 నుంచే ఉంది.

8. ముగింపు

1. కరువు నియమావళుల నాటి అర్హత పరీక్ష, రైతు ఆత్మహత్యల సహాయంలో పత్రాల పరీక్షగా రూపాంతరం చెందింది.

2. 2004 నుంచి 2018 వరకు సహాయం మొత్తం పెరిగింది, మరణ కారణం నిరూపించే భారం రైతు బీమాతో తగ్గింది. భూయాజమాన్య పత్రం మాత్రం చెక్కు చెదరలేదు. కౌలుదారులు, భూమి పేరిట లేని మహిళలు అందువల్లనే వెలుపల ఉండిపోయారు.

3. విదేశీ విరాళాల విషయంలో లెక్క కేంద్ర ప్రభుత్వం వైపు, దాత వైపు సాగింది. సహాయం పొందే గ్రామం వైపు సాగలేదు.

4. సామాజిక తనిఖీ అనుభవం గల జిల్లాలో అదే పద్ధతిని సహాయనిధికి అన్వయించడం సాధ్యం. మంజూరైన, తిరస్కరించిన దరఖాస్తుల సంఖ్య, తిరస్కరణ కారణం, మరణం నుంచి చెల్లింపు వరకు పట్టిన కాలం అనే మూడు అంశాలను మండలంవారీగా ప్రకటిస్తే చాలు. దుఃఖంలో ఉన్న కుటుంబం పేరు బయటపెట్టకుండానే అధికారి నిర్ణయాన్ని ఇలా బహిర్గతం చేయవచ్చు.

సహాయం కోరిన ఇల్లు తన కష్టాన్ని పదిమంది అధికారుల ముందు విప్పి చెప్పుకుంటున్నది. ఆ పదిమంది నిర్ణయం కూడా ఆ ఇంటి ముందు అంతే స్పష్టంగా నిలిచినప్పుడే పారదర్శకత అన్న మాటకు పూర్తి అర్థం చేకూరుతుంది.