నోటు మీది ముఖం

యానాం చరిత్ర చదువుతూ పాత ఫ్రెంచి నోట్లు పోగుచేయడం అలవాటు చేసుకున్నాను. 1942 నాటి 100 ఫ్రాంకుల నోటు మీద ఉన్నది తత్త్వవేత్త డెకార్ట్. అది వెలువడిన నాటికి పారిస్ హిట్లర్ సేనల కింద ఉంది. ఆ కాలంలోనే ఫ్రెంచి ఇండియాలో చెల్లిన ఇండోచైనా బ్యాంకు 50 రూపాయల నోటు మీద ఉన్నది గవర్నర్ డూప్లే. స్వదేశంలో హేతువాది, వలసలో విజేత! వోల్టేర్ 10 ఫ్రాంకుల నోటుకెక్కింది 1963లో. గౌతమీ తీరాన యానాం 1954లోనే ఫ్రెంచి పాలన వదిలించుకుంది. బానిసత్వాన్ని ఎత్తిపొడిచిన మాంటెస్క్యూకు 200 ఫ్రాంకుల నోటు మీద చోటు దక్కింది 1981లో. అందుచేత మేధావి బొమ్మను చూసి పాలకుల సంస్కారాన్ని అంచనా కట్టరాదు. ఆ నోటు ఎవరి చేతికిచ్చారు, ఎవరి చేతికి వేరే బొమ్మ ఇచ్చారు అన్నదే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.