చెరపకూడని అంకె

ప్రత్యేక సంచికకు సర్వే చరిత్ర మీద నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు కోరారు. కౌకూర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడిన నాబోటి పాత లెవెలర్‌కు తెలిసిన చరిత్ర ఒక్కటే. అది కొలతల్లో దొర్లిన తప్పులు, వాటిని దిద్దుకున్న తీరు.

మే నెల మిట్టమధ్యాహ్నం బొల్లారం రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనబడుతుంది. దగ్గరకు పోతే చుక్క ఉండదు. గాలి వెలుతురును వంచే మాయ అది. 1802లో మద్రాసులో త్రికోణమితి సర్వే ఆరంభించిన లాంబ్టన్ దొరకూ, 1818లో హైదరాబాదులో ఆయన వద్ద చేరిన ఎవరెస్టు దొరకూ దీనితోనే పోరు. హిమాలయాల్లో ఎవరెస్టు శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. నూరు మైళ్లకు పైబడిన దూరం నుంచి చూసి, గాలి తెచ్చిన వంపును లెక్కగట్టి తీసివేయగా తేలిన అంకె అది. 2020లో ప్రకటించిన 8,848.86 మీటర్లకూ దానికీ తేడా తొమ్మిది మీటర్లే!

ఇప్పుడు ఆ పని ఆకాశం నుంచి జరుగుతున్నది. 2003 జనవరిలో నాసా వారు ఐస్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అది సుమారు 600 కిలోమీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 40 సార్లు లేజరు వెలుగును ధ్రువాల మంచు మీదికి వదిలి, అది తిరిగి వచ్చే కాలాన్ని బట్టి ఎత్తు కట్టేది. ఆ కాలంలో సెకనులో వంద కోట్లవ వంతు తప్పితే ఎత్తులో 15 సెంటీమీటర్లు తప్పినట్టే.

తప్పులకు కొదవ లేదు. గాలిలో వెలుతురు కాస్త నెమ్మదిస్తుంది. సముద్రమట్టం దాకా వచ్చేసరికి ఆ తేడా 2 మీటర్లు దాటుతుంది. గాలి పీడనం చూసి దాన్ని తీసివేస్తారు. పలచని మబ్బులో చెదిరి ఆలస్యంగా చేరిన వెలుతురు మంచును పల్లంగా చూపుతుంది. ఉపగ్రహం చూపు ఒక్క ఆర్క్ సెకను పక్కకు పోతే నేల మీద చుక్క దాదాపు 3 మీటర్లు జరుగుతుంది. డిగ్రీ వాలున్న చోట అది 5 సెంటీమీటర్ల ఎత్తు. మనకు బెంచ్ మార్కు ఎలాగో వారికి బొలీవియాలోని ఉప్పు మైదానం అలాగ. 2002లోనే వాహనాలకు జీపీఎస్ కట్టి దాన్ని కొలిచి ఉంచుకున్నారు.

2009లో లేజర్లు ఆగిపోయాయి. అటు తరువాత మరో తప్పు బయటపడింది. పంపిన వెలుగు క్షణాన్ని దాని మధ్య బిందువును బట్టి, తిరిగి వచ్చిన దాన్ని శిఖరాన్ని బట్టి గుర్తించారట! తప్పు సెంటీమీటర్లలోనిదే. కాని అంటార్కిటికాలో నేలను ఆనుకున్న మంచు సుమారు 1.2 కోట్ల చదరపు కిలోమీటర్లు. సెంటీమీటరు తప్పితే 120 ఘన కిలోమీటర్ల మంచు లెక్క తప్పుతుంది. సముద్రం ఎంత పెరుగుతుందో ఆ లెక్కే చెప్పాలి. ఉప్పాడ, బందరు తీరాల్లో బంధువులున్న వారికి ఇది దూరపు సంగతి కాదు. దిద్దుబాటు వివరం 2014లో అచ్చయింది.

ఉపగ్రహం పనిచేయడం మానేశాక కూడా దిద్దడం ఎలా సాధ్యమైంది? వచ్చిన వెలుతురు అసలు రూపాన్ని చెరపకుండా దాచారు గనుక.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. ఫీల్డు బుక్కులో తప్పు పడితే అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం చేయాలి. చెరపరాదు. ఉద్యోగం కొత్తలో, 1973లో, లెక్క కలవడం లేదని ఒక రీడింగును బ్లేడుతో గీకి నాకు కావలసిన అంకె వేశాను. తనిఖీకి వచ్చిన అధికారి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. అసలు అంకె ఏదో చెప్పగలిగే వారే లేరు. ఆ లైను మొదటి నుంచీ మళ్లీ చేయవలసి వచ్చింది. స్టాఫులు మోసిన ఖలాసీలు మే ఎండలో ఆ దారంతా రెండోసారి నడిచారు. "పైవాళ్ల ఆర్డరు" అన్నాను గాని కారణం చెప్పలేదు.

వారిలో ఇద్దరు మన సంఘ సభ్యులే. ఈ సంచిక వారింటికీ చేరుతుంది. అన్నలారా, ఆ నడక నా వల్లనే. అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసి, ఇప్పుడు సంతకం చేస్తున్నాను.