నిరాకరించు హక్కు: ఆదిక్రైస్తవ వాఙ్మయమున కులీన, దాసి

ఆదిక్రైస్తవ రచనలయందలి కామనీతిని పండితులు చిరకాలముగా చర్చించుచునే యున్నారు. ఆ రచనలు స్త్రీని గౌరవించినవా, కించపరచినవా అనునదియే చాలకాలము ప్రధానప్రశ్నగా నుండెను. 1970 దరిమిలా స్త్రీవాద విమర్శకులు ఆ ప్రశ్ననే మార్చిరి. ఇవి చాలవరకు పురుషులు వ్రాసి, పురుషులు భద్రపరచిన గ్రంథములు గనుక, వీనియందు చెప్పబడినదానినేగాక చెప్పబడనిదానిని గూడ పరిశీలింపవలెనని ఎలిజబెత్ షూస్లర్ ఫియోరెంజా 1983లో వెలువరించిన గ్రంథమున వాదించెను. ఆ దృష్టితో ఒక్క అంశమును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము. తన శరీరము విషయమున 'వలదు' అని చెప్పు హక్కును ఈ రచనలు ఏ స్త్రీకి ఒసగినవి? ఏ స్త్రీకి ఒసగలేదు?

ముందుగా నాటి రోమక సమాజస్థితిని గుర్తింపవలెను. క్రీ.పూ. 18లోను, క్రీ.శ. 9లోను అగస్టస్ చక్రవర్తి కాలమున వెలసిన శాసనములు వివాహమును పౌరధర్మముగా విధించినవి. 20 మొదలు 50 ఏండ్లలోపు స్త్రీ అవివాహితయై యుండుట దోషముగా నెంచబడి, వారసత్వపు హక్కులకు భంగము కలిగెడిది. అట్టి లోకమున 1వ శతాబ్ది మధ్యమున పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని 7వ అధ్యాయము వెలువడినది. భర్తకు భార్య శరీరముపై నెంత అధికారమో, భార్యకు భర్త శరీరముపై నంత అధికారమని ఆయన పలికెను. అవివాహితలు, విధవలు అట్లేయుండుట మేలనియు చెప్పెను. వివాహము తప్పనిసరి కాదను ఈ మాట స్త్రీలకు ఎంత దూరము దారి చూపెనో తరువాతి కథలవలన తెలియును.

2వ శతాబ్దికి చెందిన 'పౌలు కార్యముల'లోని థెక్ల కథ వీనిలో ప్రసిద్ధము. ఈకొనియ పురమున కులీన కుటుంబమున జన్మించిన థెక్ల, కిటికీకడ కూర్చుండి మూడు దినములు పౌలు బోధ వినెను. అటుపిమ్మట వరుడైన థమూరిని నిరాకరించెను. కన్నతల్లియే ఆమెను దహింపుడని కేకలు వేసెను. వర్షము కురిసి ఆమె బ్రదికెను. అంతియొకయలో ఒక ప్రముఖుడు నడివీథిని తన్ను పట్టుకొనగా, ఆమె అతని పైవస్త్రము చింపి కిరీటము పడగొట్టెను. మృగములకు ఎరగా విడువబడిన సమయమున నీటిలో దుమికి తనకు తానే బాప్తిస్మము ఇచ్చుకొనెను. స్త్రీలకు బోధించుటకును బాప్తిస్మమిచ్చుటకును ఈ కథను ప్రమాణముగా చూపువారిని క్రీ.శ. 200 ప్రాంతమున తెర్తుల్లియను ఖండించెను. ఆసియాలోని ఒక సంఘపెద్ద పౌలుపై ప్రేమచే దీనిని కల్పించి, ఆ కారణమున పదవిని వీడెనని ఆయన వ్రాసెను. ఈ ఖండనమే కథకు గల ప్రభావమునకు సాక్ష్యము.

ఇట్టి కథలను గూర్చి విమర్శకులలో రెండు పక్షములు గలవు. వివాహమును విడచిన స్త్రీల స్వాతంత్ర్యమే వీనియందు పలికినదని స్టీవన్ డేవీస్ 1980లోను, వర్జీనియా బర్రస్ 1987లోను ప్రతిపాదించిరి. ఇవి పురుషుల నడుమ అధికారము కొరకైన వివాదములేయనియు, స్త్రీపాత్ర అందొక సాధనము మాత్రమేయనియు కేట్ కూపర్ 1996లో వాదించెను. రెండు వాదములకును బలము కలదు. కాని రెండింటియందును చర్చ నాయికచుట్టే తిరుగుచున్నది. ఆ నాయిక ఇంటిలోని దాసిని గూర్చి యేమి?

ఈ ప్రశ్నకు థెక్ల మాటలలోనే ఆధారము కలదు. వీథిలో ఆమె తన్ను దేవుని దాసినని చెప్పుకొనెను. ఆ వెంటనే తాను ఈకొనియ ప్రముఖులలోని దాననని గూడ చాటెను. దాసి యనునది ఇచట భక్తిసూచకమైన రూపకము. ఆమె నిరాకరణమునకు లోకమున అండగా నిలిచినది వంశగౌరవము. నిజమైన దాసికి అట్టి అండ లేదు. రోమక న్యాయమున దాసికి ధర్మవివాహము లేదు. యజమానుడు తన దాసిని కూడుట వ్యభిచారముగా గణింపబడలేదు.

'అంద్రెయ కార్యముల'లో ఈ భేదము దారుణముగా బయల్పడుచున్నది. పత్రాస్ పురమున అధిపతియైన ఎగెయాతు భార్య మక్సిమిల్ల. ఆమె అపొస్తలుని బోధ విని, శుద్ధత గోరి, భర్తశయ్యకు తనకు మారుగా యూక్లియ యను దాసిని పంపెను. ఇట్లు ఎనిమిది మాసములు గడచెను. యూక్లియ స్వేచ్ఛను, ధనమును కోరినది; తుదకు రహస్యము వెల్లడియైనది. ఎగెయాతు ఆమె నాలుక కోయించి, అవయవములు ఛేదించి, కుక్కల పాలు చేసెను. కథకుడు ఆమెను స్వభావముచేతనే అదుపులేనిదానినిగా వర్ణించెనే గాని ఆమెకై శోకింపలేదు. యజమానురాలి పవిత్రతకు దాసి శరీరము మూల్యమైనది. ఆమె సమ్మతించెనా యను ప్రశ్న కథకునకు తోచనేలేదు.

సంఘము దాసులను చేర్చుకొనెను. కాని యజమానుని బలవంతమునకు లోనైన దాసికి కామనీతి యెట్లు వర్తించుననుదానిని పౌలు పత్రికలు స్పష్టముగా చెప్పలేదు. 2002లో జెన్నిఫర్ గ్లాన్సీ ఈ లోపమునే ప్రధానచర్చగా చేసెను. 4వ శతాబ్ది ఉత్తరార్ధమున కైసరియ అధ్యక్షుడైన బసిలు, థెక్ల పుట్టిన ఈకొనియకే అధ్యక్షుడైన అంఫిలోకియునకు వ్రాసిన లేఖలో, బలాత్కారమున జరిగినది నేరము కాదనియు, యజమానునిచే బలవంతపెట్టబడిన దాసి నిర్దోషియనియు నిర్ణయించెను. ఇది గొప్ప వాక్యము. అయినను ఆ వాక్యమున యజమానుని దండన ప్రస్తావన లేదు. 410లో రోము దోచబడిన పిదప అగస్టీను, 413లో ఆరంభించిన 'దైవనగరము'న, పరుల దౌర్జన్యముచే శీలము చెడదనియు, శీలము మనస్సునకు సంబంధించినదనియు ఊరడించెను. ఆ వెంటనే ప్రాచీన రోమక సతియైన లుక్రీషియ లోలోపల సమ్మతించెనేమోయని శంకించెను. దోషము తొలగినను శంక తొలగలేదు.

కావున ఆదిక్రైస్తవ బ్రహ్మచర్యాదర్శము స్త్రీని విడిపించెనా, బంధించెనా యని ఏకవాక్యమున తీర్పు చెప్పుట సాధ్యము కాదు. అది కులీనస్త్రీకి అపూర్వమైన నిరాకరణశక్తి నొసగినది. ఆ శక్తి దాసిగృహపు గడప దాటుటకు తరములు పట్టినది, దాటినపుడును సగమే దాటినది. థెక్ల ధైర్యము దీనిచే తగ్గదు. కాని ఆమెను కీర్తించు చరిత్రకారుడు యూక్లియను గూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఒక నీతి విలువను దానిచే రక్షింపబడినవారిని బట్టియేగాక, దాని రక్షణకు వెలియైనవారిని బట్టియు నిర్ణయించుట న్యాయము.