రాచకానుకలు – పెండ్లిసుంకము: పెనుగొండ సీమ దృష్టితో నొక పరిశీలన

ప్రజల యింటి శుభకార్యములకు ప్రభువు అభినందనము పంపుట యిటీవలి యాచారము. 1917లో అయిదవ జార్జి, నూరేండ్లు నిండిన వృద్ధులకును, పెండ్లియై అరువదియేండ్లు గడపిన దంపతులకును సందేశములు పంపు పద్ధతిని ప్రారంభించెను. విజయనగర కాలమున ఇట్టి సంబంధము ఏ రూపమున నుండెనో, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్న పెనుగొండ సీమను దృష్టియందుంచుకొని యిచట విచారింప నెంచితిమి.

అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విజయనగరమును గూర్చి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఒక విశేషమును తెలిపినాడు. రాజునకు కొడుకో కూతురో కలిగినపుడును, ఏటేట రాజు పుట్టినదినమునను సామంతులు ధనమును, వెలగల యాభరణములను కానుకగా సమర్పించెడివారట. ఇచట శుభాకాంక్ష క్రిందినుండి మీదికి పోవుచున్నది. అదియు మాటగా గాక సొమ్ముగా పోవుచున్నది.

ఆ సొమ్మెక్కడిది? కృష్ణరాయల మంత్రిగా నుండిన తిమ్మప్ప యేలుబడిలోని పట్టణములలో పెనుగొండనుగూడ నూనిజ్ పేర్కొనెను. ఆతని రాబడి యేటికి ఎనిమిది లక్షల వరహాలు. అందు మూడు లక్షలు రాజునకు చెల్లవలెను. రైతులు తమ రాబడిలో పదింట తొమ్మిది పాళ్లు దొరలకే యిత్తురనియు నాతడు వ్రాసెను. ఈ లెక్క అతిశయోక్తి యైనను కావచ్చును. కాని సామంతుల యాదాయమునకు మూలము సేద్యమే గనుక, రాజు పుట్టినదినపు కానుకయందు మెట్టపొలపు రైతు చెమటయు కొంత కలదనుట అసంగతము కాదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దిక్కైన యీ సీమలో ఆ భాగ మెంత బరువో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ప్రజల యింటి పెండ్లి మాట. ఆ కాలమున పెండ్లికొడుకు వారును, పెండ్లికూతురు వారును సుంకము చెల్లింపవలసి యుండెను. కృష్ణదేవరాయల పాలనలో కొన్ని సీమలయందు ఈ సుంకము తొలగింపబడినట్లు శాసనములు సాక్ష్యమిచ్చుచున్నవి. ప్రజల పెండ్లికి రాజు పంపిన అభినందనమునకు మిక్కిలి దగ్గరగా వచ్చునది యీ మినహాయింపే యని మా యభిప్రాయము. సందేశము ఒక దంపతులకు ఒకనాటి సంతోషము. శిలాశాసనమో ముందు పుట్టబోవు వధూవరులకును వర్తించును, రాబోవు అధికారులను కట్టివేయును. అయినను ఒక సంగతి మరువరాదు: తొలగింపును చాటిన యా శిలయే, అంతకుముందు సుంకము వసూలైనదనియు చాటుచున్నది.

అచ్యుతరాయల వివాహమును తిరుమలాంబ ‘వరదాంబికా పరిణయము’ అను సంస్కృత చంపువుగా రచించినది. రాజు పెండ్లి కావ్యమున కెక్కినది; కాపువాని పెండ్లి సుంకపు శాసనమున కెక్కినది. మొదటిదానిని సాహిత్యమనియు, రెండవదానిని ఆర్థిక చరిత్రయనియు వేరుచేసి చదువుట మనకు పరిపాటి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివిననే ఆనాటి శుభకార్యముల పూర్ణస్వరూపము గోచరించును. పరిశోధక విద్యార్థులు సుంకముల మినహాయింపు శాసనములను ఈ దృష్టితో మరల పరిశీలింతురుగాక యని కోరుచున్నాము.