లింగాకర్షక బుట్ట

పెదనందిపాడు, పర్చూరు వైపు నల్లరేగడిలో పత్తి పూతకొచ్చేసరికి పొలంలో వినిపించే మాట ఇది. సంస్కృత సమాసానికి మన తెలుగు బుట్ట తోడైన మిశ్ర సమాసం. నాకు చాలా ఇష్టమైన కూర్పు. పని మొత్తం పేరులోనే ఉంది.

ఈ బుట్టలో ఎరగా పెట్టే వాసనకు శాస్త్రంలో పేరు ఫెరోమోన్, హార్మోన్‌కు చుట్టం. ‘కదిలించేది’ అనే గ్రీకు అర్థంతో హార్మోన్ అన్న మాటను 1905లో శాస్త్రవేత్త స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చాడు. మన ఒంట్లో థైరాయిడ్, అడ్రినల్ వంటి గ్రంథులకు నాళం ఉండదు, అందుకే వినాళ గ్రంథులన్నారు. వాటి స్రావం నేరుగా రక్తంలో కలిసి దూరాన ఉన్న అవయవాన్ని కదిలిస్తుంది. ఒంటి బయటికి వెలువడి అదే జాతిలోని మరో ప్రాణిని కదిలించే స్రావానికి 1959లో శాస్త్రవేత్తలు కార్ల్‌సన్, ల్యూషర్ ‘మోసుకెళ్లడం’ అనే గ్రీకు మాట చేర్చి ఫెరోమోన్ అని పేరుపెట్టారు.

పత్తిని ఆశించే గులాబీ రంగు పురుగులో ఆడ రెక్కలపురుగుకు పొట్ట చివర ఇలాంటి స్రావాన్ని వదిలే గ్రంథి ఉంది. ఆ వాసనను కృత్రిమంగా తయారుచేసి ఎరగా పెడితే మగపురుగులు బుట్టలో పడతాయి. వరుసగా 3 రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే ఉద్ధృతి మొదలైనట్టే.

ఒక్కో పురుగుకు ఒక్కో ఎర. పత్తిలో గులాబీ పురుగు ఎరకు మిరపలోని లద్దెపురుగు రాదు. కొనేముందు పొట్లం మీద పురుగు పేరు చదవండి.